చూడటానికి మిగిలిన అడవి

ప్రకృతి సౌందర్యం ఎవడబ్బ సొమ్మూ కాదని ఒక మాట మన సాహిత్యంలో చాలాకాలంగా చెలామణీ అవుతున్నది. వెన్నెలకు పన్ను లేదు, పిల్లగాలికి పట్టా లేదు, కోయిల కూతకు శిస్తు లేదు; కనక అందం విషయంలో అందరమూ సమానులమేనని దాని తాత్పర్యం. భావకవులు ఈ మాటను నమ్మి రాశారు. భావకవిత్వాన్ని తిరస్కరించిన వారిలో కూడా చాలామంది దీన్ని ప్రశ్నించలేదు. అందం ఎట్లాగూ అందరిదే, అన్నమే కొందరిది, కనక అన్నం సంగతి తేల్చుకుంటే చాలునన్నట్టు ప్రవర్తించారు. కాని అందం అన్నంతో సంబంధం లేకుండా ఆకాశం నుంచి వూడిపడుతుందా? ఒక చోటు అందంగా ఎందుకున్నది, అది అట్లా వుండటానికి ఎవరు ఏం చేశారు, దాన్ని చూడటానికి ఎవరికి అనుమతి వుంది, ఎవరికి లేదు – ఈ ప్రశ్నలేవీ వెయ్యకుండా "ఆహా" అని వచ్చెయ్యటం నీతిపరమైన పనేనా?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించి లాభం లేదు. ఒక నిర్దిష్టమైన స్థలాన్ని తీసుకుని పరీక్షిద్దాం. ఆ స్థలం ఇంగ్లండులో వుంది. ఇంగ్లండే ఎందుకంటే, పల్లెటూరి ప్రకృతిని ఆరాధించటం ఆ దేశపు సాహిత్యంలో దాదాపు ఒక మతమంత స్థాయికి చేరుకున్నది. ఆ సాహిత్యాన్ని మన కళాశాలల్లో పాఠ్యగ్రంథాలుగా చదివి, ఎన్నడూ చూడని పువ్వులను తలుచుకుని పరవశించటం నేర్చిన తరాలు మనకున్నాయి. ఈనాడు చదువులకూ, వుద్యోగాలకూ వెళ్లిన తెలుగువాళ్లు సెలవునాడు పిల్లలతో ఆ పువ్వులను కళ్లారా చూసి వస్తున్నారు కూడా. కనక ఇది మనకు పరాయి విషయమేమీ కాదు.

కేంబ్రిడ్జి పట్టణానికి పడమటి దిక్కున బంకమట్టి నేలల మధ్య హేలీ వుడ్ అనే చిన్న అడవి వుంది. సుమారు 50 హెక్టార్లు, అంటే 120 ఎకరాల పైచిలుకు. నల్లమలను ఎరిగినవాడు దీన్ని అడవి అనటానికే సందేహిస్తాడు, పెద్ద తోపు అంటాడు. చుట్టూ పొలాలు. వసంతంలో వెళితే కాళ్లు బురదలో దిగబడతాయి. అప్పటికి చెట్లకు ఇంకా పూర్తిగా ఆకు రాదు. ఆకు లేని కొమ్మల సందుల్లోంచి పడే ఎండలో ఆక్స్‌లిప్ అనే లేత పసుపు పువ్వులు గుత్తులుగా ఒక పక్కకు తలలు వాల్చి వుంటాయి. ఇంగ్లండు తూర్పు భాగంలో కొద్దిపాటి మేరలో తప్ప ఈ పువ్వు ఆ దేశంలో మరెక్కడా ఇంత విస్తారంగా పుయ్యదు. ఆ వెనకే బ్లూబెల్ పూలు వచ్చి నేలంతా నీలంగా మారుస్తాయి. నగరం నుంచి వచ్చినవాడు ఇదంతా చూసి, "మనిషి చెయ్యి పడని ప్రకృతి ఎంత పవిత్రంగా వుంటుంది!" అనుకుంటాడు.

పొరపాటంతా ఇక్కడే వుంది. మనిషి చెయ్యి పడని చోటు ఆ అడవిలో జానెడు కూడా లేదు. అడవి అంచున నడుస్తూ కాస్త కిందికి చూస్తే ఒక మట్టికట్ట, దాని వెలుపల కందకమూ కనిపిస్తాయి. వర్షాలకు కరిగి, నాచుపట్టి, సహజమైన మిట్టలాగా అయిపోయిన ఆ కట్టను మధ్యయుగపు మనుషులు పారలతో వేశారు. పశువులు లోపలికి వచ్చి లేతచిగుళ్లు తినకుండా వుండటానికి వేశారు. లోపల చెట్లను చూస్తే, చాలా వాటికి ఒక్క మాను లేదు. నేలబారున వున్న ఒక పెద్ద మోడు నుంచి అయిదారు కాండాలు గుంపుగా లేచివుంటాయి. అది ప్రకృతి చేసిన వింత కాదు. గొడ్డలి చేసిన పని.

చెరకులో కార్శి పంట ఎరిగిన రైతుకు ఈ సంగతి చెప్పటం తేలిక. హేజెల్, ఆష్ వంటి చెట్లను మొదలంటా నరికితే చావవు; మోడు నుంచి పిలకలు వేస్తాయి. కొన్ని ఏళ్లు ఆగితే ఆ పిలకలు పనికివచ్చే కర్రలవుతాయి. మళ్లీ నరుకుతారు, మళ్లీ వస్తాయి. అడవిని చెక్కలుగా విభజించి ఏడాదికి ఒక చెక్క చొప్పున నరుక్కుంటూ పోతే, చివరి చెక్క పూర్తయ్యేసరికి మొదటిది మళ్లీ కోతకు వస్తుంది. హేజెల్ కర్రలతో గోడలకు తడికలూ, పొలాలకు దడులూ అల్లేవారు. ఆష్ కర్ర పనిముట్ల పిడులకు పనికొచ్చేది. మిగిలింది వంటచెరకు. మధ్యమధ్య ఓక్ చెట్లను మాత్రం నరక్కుండా పెంచి దూలాలకు వాడేవారు. నరికినకొద్దీ మోడుకు ఆయుస్సు పెరగటం ఇందులోని విశేషం. నరక్కుండా వదిలేసిన ఆష్ చెట్టు రెండు మూడు వందల ఏళ్లకు కూలిపోతుంది. నరుకుతూ వచ్చిన ఆష్ మోళ్లు అంతకు ఎన్నో రెట్లు బతికి, ఈనాటికీ చిగురిస్తున్నాయి.

పువ్వుల సంగతి కూడా ఇంతే. ఒక చెక్కను నరికినప్పుడు నేలమీద ఎండ పడుతుంది. నీడలో ఏళ్ల తరబడి అణిగివున్న మొక్కలు ఆ తర్వాతి రెండు మూడు వసంతాల్లో విరగబూస్తాయి. మళ్లీ పిలకలు పెరిగి పైన ఆకు కమ్ముకునేసరికి అవి తగ్గుముఖం పడతాయి. కాని అప్పటికి పక్క చెక్క నరుకుడు అవుతుంది. అంటే, పర్యాటకుడు దైవదత్తమనుకున్న ఆ పూలపాన్పు కట్టెలు కొట్టేవాడి పని వెంట నడిచి వచ్చింది. వాడు పువ్వుల కోసం కొట్టలేదు. పొయ్యి కోసమూ, దడి కోసమూ, తరచుగా యజమాని లాభం కోసమూ కొట్టాడు. పువ్వు ఆ శ్రమకు పుట్టిన అదనపు విలువ. దాన్ని ఎవరూ లెక్కలో రాసుకోలేదు.

ఈ అడవి గురించి మనకు ఇంతగా తెలియటానికి ఆలివర్ రాకమ్ అనే కేంబ్రిడ్జి వృక్షశాస్త్రజ్ఞుడు కారణం. ఆయన 1939లో పుట్టి 2015లో చనిపోయాడు. హేలీ వుడ్ మీద 1975లో ఒక పుస్తకమే ప్రచురించాడు. చెట్లను చూసినంత శ్రద్ధగా పాత దస్తావేజులను చూడటం ఆయన పద్ధతి. 1251లో ఎలీ బిషప్పు తన ఆస్తుల సర్వే చేయించాడు. ఎక్కడ ఎంత భూమి వుంది, ఎవరు ఏ వెట్టి చెయ్యాలి, ఏమి చెల్లించాలి అనే పట్టిక అది. ఈ అడవి ఆ పట్టికలో వుంది. ఒక చిన్న అడవి ఏడున్నర శతాబ్దాలకు పైగా అదే చోట అడవిగా నిలిచిందని మనకు తెలియటానికి ఆధారం ఒక భూస్వామి ఆస్తిలెక్క. సౌందర్యానికి చరిత్ర రాయబోతే మొదటి సాక్ష్యం శిస్తు దస్తరంలో దొరకటం యాదృచ్ఛికం కాదు.

తర్వాతి కథ క్లుప్తంగా చెప్పవచ్చు. రైళ్లు వచ్చి పల్లెలకు కూడా బొగ్గు తెచ్చాయి. కేంబ్రిడ్జికి వెళ్లే ఒక రైలుమార్గం 1862లో ఈ అడవి పక్కనుంచే పోయింది. ఇనుపతీగ దడిని చంపింది. కట్టెకు గిరాకీ పోయింది. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి పాతపద్ధతిలో నరుకుడు ఆగిపోయి అడవి చీకటిపడింది. 1962లో స్థానిక ప్రకృతి పరిరక్షకుల సంఘం అడవిని కొన్నది. అప్పుడు వాళ్లు ఏం చేశారు? "ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకండి" అనలేదు. కొద్ది ఏళ్లలోనే గొడ్డళ్లు తెచ్చి, ఆగిపోయిన నరుకుడును మళ్లీ మొదలుపెట్టారు. అడవిని కాపాడటానికి అడవిని నరకవలసివచ్చింది.

దీన్నిబట్టి ఒక సిద్ధాంతం విషయంలో మనం నిర్ణయానికి రావచ్చు. ప్రయోజనంతో నిమిత్తం లేని ఆనందమే సౌందర్యానుభవమని కాంట్ 1790లో చెప్పినప్పటినుంచీ, దాన్ని పలచన చేసి ఒక అపోహను ప్రచారం చేసినవాళ్లున్నారు. అందమైనది వుపయోగపడకూడదు, వుపయోగించేవాడికి అందం కనిపించదు, కట్టెలు కొట్టేవాడికి చెట్టులో కట్టెలే కనిపిస్తాయి, కవికి చెట్టు కనిపిస్తుంది – ఇదీ ఆ అపోహ. తీరిక వున్న వర్గం తన తీరికకే రసజ్ఞత అని పేరుపెట్టుకోవటం తప్ప ఇందులో మరేమీ లేదు. హేలీ వుడ్ దీన్ని ఒక వైపునుంచి ఖండిస్తుంది: వుపయోగం ఆగిపోయినప్పుడు అందం కూడా క్షీణించింది. జాన్ క్లేర్ జీవితం దీన్ని మరో వైపునుంచి ఖండిస్తుంది.

క్లేర్ 1793లో హెల్ప్‌స్టన్ అనే గ్రామంలో వ్యవసాయ కూలీ ఇంట్లో పుట్టాడు, తానూ కూలిపని చేశాడు. పక్షిగూళ్లనూ, గడ్డిపువ్వులనూ అంత దగ్గరనుంచి చూసి రాసిన కవి ఆంగ్ల సాహిత్యంలో మరొకడున్నాడని చెప్పటం కష్టం. అతనికి పదహారేళ్లప్పుడు, 1809లో, ఆ గ్రామపు వుమ్మడి భూములకు కంచెలు వేసే చట్టం పార్లమెంటులో వచ్చింది. తిరిగిన బాటలు మూతపడ్డాయి, చెట్లు కూలాయి, బీళ్లు ఒకరి సొత్తయాయి. అతని కవిత్వంలో ఆ కంచె ఒక గాయంగా మిగిలింది. ప్రకృతిని ప్రేమించటమూ, ప్రకృతిలో తన వాటాను ప్రేమించటమూ అతనికి రెండు వేరువేరు విషయాలు కావు. 1837లో అతన్ని ఎపింగ్ అడవిలోని ఒక పిచ్చాసుపత్రిలో వుంచారు. 1841లో అక్కడినుంచి తప్పించుకుని ఎనభై మైళ్లు నడిచి ఇంటికి చేరాడు. ఆ ఏడాది చివరనే అతన్ని మళ్లీ మరో ఆసుపత్రికి పంపారు. 1864లో అక్కడే చనిపోయాడు.

హెల్ప్‌స్టన్ ఒక్కటే కాదు. 1604 నుంచి 1914 దాకా ఇటువంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. వాటి కిందికి వచ్చిన భూమి 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండు విస్తీర్ణంలో అయిదో వంతు కన్న కొంచెం ఎక్కువ. అంతకుముందు పేదవాడు స్వర్గంలో వున్నాడని కాదు. 1217 నాటి అటవీ ప్రమాణపత్రం రాజుగారి అడవుల్లో పందులు మేపుకునే హక్కూ, కట్టె తెచ్చుకునే హక్కూ గుర్తించిన మాట నిజమేగాని, ఆ హక్కులు స్వతంత్రులకే. అర్ధబానిసలైన రైతులకు కావు. హేలీ వుడ్ కూడా మధ్యయుగంలో బిషప్పు సొత్తే, గ్రామం సొత్తు కాదు. అయినా ఆస్తి అనేది అప్పట్లో అనేక పొరలుగా వుండేది: నేల ఒకరిది, పైకొమ్మ ఒకరిది, రాలిన పుల్ల ఇంకొకరిది. కొత్త చట్టాలు ఆ పొరలన్నిటినీ ఒక్కడి పేర కలిపేశాయి. అంతవరకు ఆచారంగా వున్నది దొంగతనంగా మారిపోయింది. జర్మనీలో రైన్ ప్రాంతపు శాసనసభ ఎండుకట్టెలు ఏరుకోవటాన్ని దొంగతనం కింద శిక్షించబూనినప్పుడు, 1842లో ఇరవైనాలుగేళ్ల కార్ల్ మార్క్స్ పత్రికలో దానిమీద వ్యాసాలు రాశాడు. ఆర్థిక సమస్యల వైపు తనను మొదట నెట్టినవి ఆ చర్చలేనని 1859లో ఆయనే చెప్పుకున్నాడు. మార్క్సు అర్థశాస్త్రానికి వచ్చిన తోవలో ఎండుపుల్లల మోపు కూడా వున్నదన్నమాట.

ఇప్పుడు మన ప్రశ్నకు కీలకమైన ఘట్టానికి వద్దాం. క్లేర్ నడిచి పారిపోయిన ఎపింగ్ అడవి లండన్ అంచున వుంది. దాని పక్కన లౌటన్ గ్రామస్థులకు చలికాలంలో చెట్ల పైకొమ్మలు నరుక్కుని కట్టె తెచ్చుకునే హక్కు తరతరాలుగా వుండేది. 1860ల్లో అక్కడి భూస్వామి అడవికి కంచె వేశాడు. టామస్ విల్లింగేల్ అనే ముసలి కూలీ దాన్ని లెక్కచెయ్యక కొమ్మలు నరికాడు. 1866లో అతని కుటుంబంలో ముగ్గురు జైలుకు పోయారు. వ్యవహారం కోర్టుకెక్కింది, లండన్ నగర పాలకమండలి రంగంలోకి దిగింది, చివరికి 1878లో ఎపింగ్ అటవీ చట్టం వచ్చింది. కంచెలు పోయాయి. అడవి ఇక ఎప్పటికీ జనం తిరగటానికే అన్నారు. 1882లో విక్టోరియా రాణి స్వయంగా వచ్చి దాన్ని ప్రజలకు అంకితం చేసింది. ఇది చిన్న విజయం కాదు. ఆ చట్టం లేకపోతే ఈనాడు అక్కడ ఇళ్లే వుండేవి. లండన్ తూర్పు మురికివాడల పిల్లలకు చెట్టునీడ దక్కింది.

కాని ఆ చట్టమే కొమ్మలు నరుక్కునే హక్కును రద్దు చేసింది. నష్టపరిహారంగా 7,000 పౌన్లు ఇచ్చారు. దానితో లౌటన్‌లో ఒక సభాభవనం కట్టి 1884లో తెరిచారు. దానికి కొమ్మల నరుకుడు పేరే పెట్టారు, లాపింగ్ హాల్ అని. కట్టెమోపు పోయి వుపన్యాసమందిరం వచ్చింది. అడవిలో చేతి హక్కు వుండినవాడికి చూపు హక్కు మిగిలింది. నిన్నటిదాకా ఆ అడవిలో పని వున్నవాడు నేడు సందర్శకుడయాడు. అడవి మాత్రం ఈ మార్పుకు సంతోషించిందా? కొమ్మలు నరకటం ఆగిపోయాక ఆ హార్న్‌బీమ్, బీచ్ చెట్ల తలలు బరువెక్కి, కింద నేలను దట్టమైన నీడ కమ్మింది. అడుగున పెరిగే మొక్కలు తగ్గిపోయాయి. ఇటీవలి దశాబ్దాల్లో కొన్ని చోట్ల అధికారులే మళ్లీ కొమ్మలు నరికిస్తున్నారు. విల్లింగేల్ చేసినందుకు శిక్షపడిన పని, ఈనాడు పరిరక్షణ ప్రణాళికలో ఒక అంశం.

అదే 1878లో భారత అటవీ చట్టం వచ్చింది. ఒకే సంవత్సరంలో, ఒకే సామ్రాజ్యంలో, రెండు చట్టాలు. మద్రాసు రాజధానికి వేరుగా 1882లో చట్టం చేశారు. పోడు కొట్టటం, పశువులు మేపటం, కలప తెచ్చుకోవటం – ఇవన్నీ అనుమతి వుంటేనే చెయ్యవలసిన పనులయాయి. పల్నాడులో అడవిలో పశువులు మేపుకోవటానికి పుల్లరి కట్టమన్నారు. దాన్ని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలి అయాడు. అదే ఏడు ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటు మొదలై 1924 దాకా సాగింది. దాని వెనక వున్న కష్టాల్లో అడవి ఆంక్షలు ముఖ్యమైనవి. ఎపింగ్ కూలీకి హక్కు పోగొట్టి షికారు మిగిల్చారు. మన్యం గిరిజనుడికి షికారు చేసే తీరికా లేదు, హక్కూ మిగల్లేదు. ఈ తేడాను మరిచి ఇద్దరినీ ఒకే గాటన కట్టటం అన్యాయం. అయితే రెండు చట్టాల అడుగునా వున్న సూత్రం ఒకటే: అడవిలో పనిచేసేవాడికి అడవి పరిపాలనలో మాట వుండనక్కరలేదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వున్నది. దాన్ని దాటవేయటం మర్యాద కాదు. "అందరికీ చేతి హక్కు వుంటే అడవి మిగులుతుందా? హేలీ వుడ్ ఏడున్నర శతాబ్దాలు నిలిచిందంటే బిషప్పు కట్టవేసి, కందకం తవ్వి, ఇతరులను బయట వుంచాడు కనకనే కదా? మీరు తిడుతున్న ఆస్తిహక్కే మీరు మెచ్చుకుంటున్న పువ్వును కాపాడింది" అని ఎవరైనా అనవచ్చు. గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1968లో ఇటువంటి వాదాన్నే ప్రచారంలోకి తెచ్చాడు. వుమ్మడి బీడులో ప్రతివాడూ తన పశువును ఒకటి అదనంగా తోలి చివరికి బీడును నాశనం చేస్తాడన్నాడు.

ఈ వాదంలో సగం నిజముంది. హద్దూ అదుపూ లేని వాడకం అడవిని తినేస్తుంది. మేకలమంద పడిన మోడు బతకదు. ఈనాడు కూడా హేలీ వుడ్‌లో కొత్తపిలకలను జింకలు తినకుండా కంచె వేయవలసివచ్చింది. కాని అడవిని కాపాడింది కట్టా, కందకమూ, నరికిన చెక్కను మళ్లీ ఎదిగేదాకా ముట్టుకోని నియమమూ. ఆ నియమాన్ని బిషప్పు పెట్టగలడు, గ్రామమూ పెట్టగలదు. హార్డిన్ వూహించిన బీడులో నియమమే లేదు; నిజమైన వుమ్మడి భూముల్లో ఎవరి పశువులు ఎన్ని, ఏ రోజున తోలాలి అనే కట్టుబాట్లు వుండేవి. లౌటన్ కూలీలు కూడా ఏడాది పొడుగునా నరకలేదు; నవంబరులో మొదలుపెట్టి ఏప్రిల్‌లో ఆపేవారు, అదీ పైకొమ్మలే. ఎలినార్ ఆస్ట్రమ్ అనేక దేశాల్లో ఇటువంటి కట్టుబాట్లను పరిశీలించి 1990లో పుస్తకం రాసింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన చెరువుల కింద నీరు వంతులవారీగా పెట్టుకున్న రైతులకు ఆమె చెప్పింది కొత్తగా తోచకపోవచ్చు.

రెండోది, ఆస్తిహక్కే అడవిని కాపాడుతుందన్నది చరిత్రకు నిలవదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి మూడు దశాబ్దాల్లో ఇంగ్లండులో హేలీ వుడ్ వంటి పురాతనమైన అడవులు ఎన్నో మాయమయ్యాయి. వాటిని పేదలు కట్టెలకు కొట్టుకుపోలేదు. కట్టెకు ధర లేదని యజమానులే వాటిని పెళ్లగించి ధాన్యం వేశారు; లేదా పాతచెట్లకు విషంపెట్టి దేవదారు జాతి చెట్లను వరసలుగా నాటారు, ప్రభుత్వ అటవీశాఖ కూడా ఆ పని చేసింది. పట్టా చేతిలో వున్నవాడికి అడవిని వుంచే హక్కు ఎంత వుందో చంపే హక్కూ అంతే వుంది. అది ఎటు మొగ్గుతుందో మార్కెట్టు చెబుతుంది. పువ్వుకు ఆ మార్కెట్టులో ఓటు లేదు.

కనక ఆక్షేపణకు సమాధానం ఇది: అడవికి నియమం కావాలి, నియమానికి యజమాని అక్కరలేదు. ఆ నియమం పెట్టేవాళ్లలో, అడవిలో చెయ్యిపెట్టి పనిచేసేవాళ్లు వున్నారా లేరా అన్నదే నైతికమైన ప్రశ్న. ఈ గీటురాయి మీద నేటి హేలీ వుడ్ కూడా పూర్తిగా నెగ్గదు. అక్కడ చలికాలంలో స్వచ్ఛందంగా వచ్చి నరుకుడు సాగించినవాళ్లున్నారు. ఎవరి బలవంతమూ లేని ఆ శ్రమ గొప్పదే. శ్రమ ఆనందంగా మారే సమాజాన్ని కోరుకునేవాళ్లం దాన్ని ఎగతాళి చెయ్యకూడదు. కాని ఆ శ్రమ చెయ్యగలిగినవాడు, ఇంటి పొయ్యి ఆ కట్టెమీద ఆధారపడనివాడు. తీరిక వున్నవాడికి దక్కిన శ్రమ అది. ఒకప్పుడు తీరిక లేని శ్రమ వుండేది. రెంటికీ మధ్య వున్న అగాధాన్ని ఒక అడవి పూడ్చలేదు. ఆ పని సమాజం చెయ్యాలి.

చూపు హక్కు కూడా తేలిగ్గా వచ్చిందేమీ కాదని గుర్తుంచుకోవాలి. 1932 ఏప్రిల్‌లో మాంచెస్టర్ ప్రాంతపు యువకార్మికులు కిండర్ స్కౌట్ అనే కొండమీదికి, వేటపక్షుల కోసం భూస్వాములు మూసివుంచిన నేలమీదికి, గుంపుగా ఎక్కారు. అయిదుగురు జైలుకు పోయారు. వారికి నాయకుడైన బెన్నీ రాత్‌మన్ కమ్యూనిస్టు యువజనుడు. 2000లో వచ్చిన చట్టం ఇంగ్లండులో సుమారు 8 శాతం నేలమీద స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది. అందులో కొండలూ, బీళ్లూ వున్నాయిగాని అడవులు చాలావరకు లేవు. యజమాని స్వయంగా ఒప్పుకుంటే తప్ప అడవిలోకి కాలిబాట వున్నంతమేరకే. పక్కనే స్కాట్లండులో 2003 చట్టం ఇంతకన్న చాలా వుదారంగా వుంది. 2010–11లో ఇంగ్లండు ప్రభుత్వం ప్రజల అడవులను అమ్మాలని చూసింది. దేశమంతా గగ్గోలు లేవటంతో 2011 ఫిబ్రవరిలో వెనక్కి తగ్గింది. షికారుకు వెళ్లే మధ్యతరగతి కూడా ఒక్కొక్కప్పుడు పోరాడుతుంది. చూపు నుంచి హక్కు స్పృహ పుట్టటం అసాధ్యమేమీ కాదు.

చూపు ఒక్కటే చాలదనటానికి మరొక కారణం చెట్లే చెబుతున్నాయి. ఆష్ చెట్లను ఎండబెట్టే ఒక శిలీంధ్ర వ్యాధిని 2012లో బ్రిటన్‌లో మొదటిసారి గుర్తించారు. బీజాలు గాలిలో కూడా వస్తాయిగాని, ఇతర దేశాల నుంచి చవగ్గా దిగుమతి చేసుకున్న నారుమొక్కలతో కూడా ఆ తెగులు వచ్చింది. తమ నేలలో విత్తు మొలిచే చెట్టుకు కూడా ఓడలలో నారు తెప్పించుకునే వ్యాపారం, వందల ఏళ్లు గొడ్డలికి చావని మోళ్లను చంపుతున్నది. కట్టా కందకమూ పశువులను ఆపాయిగాని మార్కెట్టును ఆపలేవు. చుట్టూ వున్న లోకాన్ని వదిలేసి ఒక్క అడవిని కాపాడుకోవచ్చుననేవాళ్లు ఈ తెగులు వైపు చూడాలి.

ఇక మనవైపు చూద్దాం. నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత దాని వుత్తరభాగం తెలంగాణలో అమ్రాబాద్ అభయారణ్యమైంది. పులి బతకాలి, అందులో వివాదం లేదు. అయితే ఆ అడవిలో తేనె తీసి, దుంపలు తవ్వి బతికిన చెంచులను బయటికి తరలించాలనే ప్రతిపాదనలు మాటిమాటికీ వస్తున్నాయి. పక్కనే సందర్శకులకు జీపులూ, విడిదిగృహాలూ వుంటాయి. 2006 నాటి అటవీహక్కుల చట్టం అడవిని రక్షించే అధికారం గ్రామసభకు కూడా వున్నదని కాగితంమీద ఒప్పుకున్నది. దాన్ని అమలు జరిపేచోట మాత్రం పాతసూత్రమే పనిచేస్తున్నది: చూసేవాడు అడవికి ప్రమాదం కాడు, బతికేవాడు ప్రమాదం. హేలీ వుడ్ చరిత్ర తెలిసినవాడు ఈ సూత్రాన్ని కళ్లుమూసుకుని ఒప్పుకోలేడు. చెంచుల అడవీ, కేంబ్రిడ్జి తోపూ ఒకటి కావు. పులికి కావలసింది వేరు, ఆక్స్‌లిప్‌కు కావలసింది వేరు. కాని మనుషులను ఖాళీ చేయిస్తేనే ప్రకృతి శుద్ధి అవుతుందనే నమ్మకం రెండుచోట్లా శాస్త్రం కాదు, పక్షపాతం.

మరి ఆ చిన్న అడవిని చూడబోయే మనిషి ఏం చెయ్యాలి? పువ్వును చూసి ఆనందించటం పాపమని ఎవరూ అనరు. అన్యాయం జరిగిన చోట అందాన్ని చూడకూడదంటే ఈ భూమిమీద కళ్లు తెరవటానికి చోటు దొరకదు. పశ్చాత్తాపం కూడా అనవసరం. అది చాలాసార్లు ఆనందానికి మరో అలంకారం మాత్రమే అవుతుంది. చెయ్యవలసింది చూపును పూర్తిచెయ్యటం. పువ్వును చూసినవాడు కట్టను కూడా చూడాలి, మోడును కూడా చూడాలి. ఈ మోడును మొదట నరికిన మనిషికి ఇందులో ఎంత దక్కిందని అడగాలి. ఈనాడు దీని నియమం ఎవరి చేతిలో వుందో తెలుసుకోవాలి. అట్లా తెలుసుకుంటే పువ్వు అందం తగ్గుతుందని భయపడేవాళ్లున్నారు. తగ్గేది అమాయకత్వం. ఏడువందల ఏళ్ల శ్రమ ఆ లేతపసుపు రంగులో వున్నదని తెలిసినవాడికి ఆ పువ్వు తెలియనివాడికన్న ఎక్కువే కనిపిస్తుంది.

సౌందర్యం అందరిదీ అన్నమాట అబద్ధమని చెప్పటం ఈ వ్యాసం వుద్దేశం కాదు. అది ఇంకా నిజం కాలేదని చెప్పటం. చేతికి హక్కు లేనిచోట కంటికి ఇచ్చిన హక్కు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల దయాభిక్షే. కిండర్ స్కౌట్ ఎక్కిన కుర్రవాళ్లకు అది తెలుసు, విల్లింగేల్‌కు తెలుసు, హనుమంతుకు తెలుసు. ప్రకృతి గురించి రాసే మన కవులూ, విమర్శకులూ కూడా అది తెలుసుకుని రాయాలి.